రిజిస్టరులో ముప్పై ఎనిమిదో నంబరు

కంపెనీ భవనం, పదకొండో అంతస్తు

అక్కా,

ముందు శుభవార్త. నాకు ఉద్యోగం వచ్చింది. పత్రిక మూతపడ్డాక తొమ్మిది నెలలుగా "ఏం చేస్తున్నావు?" అని అడిగిన ప్రతివాళ్ళకీ "చూస్తున్నాను" అని చెప్పి చెప్పి నా కళ్ళు కాయలు కాచాయి. ఇప్పుడు నాకొక బల్ల, దాని మీద నా హోదా చెక్కిన పలక ఉన్నాయి. "సమాజ సంబంధాల అధికారి" అట. సమాజంతో నా సంబంధాలు ఎప్పుడూ అంతంత మాత్రమేనని నీకు తెలుసు. వాళ్ళకి చెప్పకు.

ఏ కంపెనీ అని అడుగుతావు. కూర్చుని చదువు. సిగరెట్ల కంపెనీ. ఇక్కడ ఆ మాట ఎవరూ అనరు. మేం "పెద్దల ఆనందానికి ఉద్దేశించిన ఉత్పత్తులు" తయారు చేస్తాం. ఇంకో విచిత్రం, ఈ భవనంలో పొగ తాగడం నిషేధం. కార్పెట్లు పాడవుతాయట. ఊపిరితిత్తుల సంగతి ఇంకా చర్చల్లో ఉంది, కార్పెట్ల సంగతి మాత్రం రుజువైపోయింది.

నువ్వు తిడతావని తెలుసు. తిట్టే ముందు చిన్న మాట. ప్యాకెట్ల మీద వెయ్యబోయే హెచ్చరిక బొమ్మ గురించి మీ ఆరోగ్య శాఖలో ఏదో ఉత్తర్వు తయారవుతోందట కదా. ఆ ఫైలు నీ దగ్గరే ఉందని మా పెద్దసారు అన్నాడు. బొమ్మ ఎంత సైజు? ఎప్పటి నుంచి? ఊరికే అడుగుతున్నాను, తోబుట్టువుల ముచ్చట. ఉద్యోగంలో చేరిన మూడో రోజే అడగమని నాకెవరూ చెప్పలేదు.

నీ తమ్ముడు


ఆరోగ్య శాఖ, మూడో అంతస్తు
నీ ఉత్తరం: రిజిస్టరు నం. 29

చిరంజీవి తమ్ముడికి,

(ఆ మొదటి మాట నమ్మకంతో రాస్తున్నాను. నువ్వు అమ్మే సరుకు నువ్వు వాడనంత కాలం చెల్లుతుంది.)

పైన నంబరు చూశావా? రెండేళ్ళ కిందట ఈ శాఖలో ఒక నియమం వచ్చింది. పొగాకు కంపెనీల మనుషులు మాలో ఎవరికి ఉత్తరం రాసినా, ఫోన్ చేసినా, కలిసి టీ తాగినా, ఇరవై నాలుగు గంటల్లో సంప్రదింపుల రిజిస్టరులో ఎక్కించాలి. ఆ రిజిస్టరు ఎవరడిగినా చూపించాలి. చిత్తుప్రతిలో "బంధువులకు వర్తించదు" అని ఒక వాక్యం ఉండేది. అప్పట్లో మా పై అధికారి బావమరిది మీ కంపెనీలోనే ఉండేవాడు, రోజూ వచ్చి ఇక్కడే కూర్చునేవాడు. ఆ వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేసిన మహానుభావురాలు ఎవరో తెలుసా? మీ అక్క.

కాబట్టి నీ ఉత్తరం, నా ఈ జవాబు, రెండూ ప్రజల సొత్తు. ఫోన్ మాత్రం చెయ్యకు. చేస్తే మాట్లాడిందంతా నేను గుర్తుపెట్టుకుని రాయాలి. మీ ఆఫీసు నంబర్ల నుంచి వస్తే అసలు ఎత్తను, "ఎత్తలేదు" అని ఒక ముక్క రాసి ఊరుకుంటాను. ఉత్తరమైతే జతచేస్తే సరిపోతుంది.

నీ ఉత్తరానికి తేదీ లేదు. వచ్చిన తేదీ నేనే వేసుకున్నాను. బళ్ళో సెలవు చీటీల మీద కూడా వేసేవాడివి కాదు, ఏ రోజుకైనా పనికొస్తుందని.

ఇక నీ ప్రశ్న. ప్యాకెట్టు మీద నూటికి ఎనభై వంతులు బొమ్మే ఉంటుంది. రహస్యమేమీ కాదు, చిత్తుప్రతి మా నోటీసు బోర్డు మీద వేలాడుతోంది. మొదట విదేశాల నుంచి తెచ్చిన ఫొటో పెట్టాం. "అందులో మనవాళ్ళ పోలికలు లేవు, ప్రజల మనసు నొచ్చుకుంటుంది" అని మీ కంపెనీ అభ్యంతరం చెప్పింది. పోలికలు కావాలన్నారు కదా అని మనవాళ్ళనే వెతికాను. మన రేడియో మామయ్య ఒప్పుకున్నాడు.

అవును, అమ్మ తమ్ముడే. పొద్దున్నే పేపరు పట్టుకుని వీధి వీధంతా వినబడేలా వార్తలు చదివే మామయ్యే. నలభై ఏళ్ళు కాల్చాడు, ఏడు నెలల కిందట స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు మెడ మీద రంధ్రంలోంచి ఊపిరి, పలక మీద బలపంతో మాట. ఒప్పుకోలు పత్రం ముందు పెడితే పలక మీద ఒకే ఒక్క ప్రశ్న రాశాడు: "మీసం పడుతుందా?" కొలిచి చూశాం. ఎనభై వంతులైతే మీసం పడుతుంది, నలభై అయితే రంధ్రం ఒక్కటే పడుతుంది. మీసం మీద హామీ ఇచ్చాకే సంతకం పెట్టాడు.

అక్క


కంపెనీ భవనం, పదకొండో అంతస్తు

మహారాజశ్రీ అక్కగారికి,

తోబుట్టువుల ముచ్చటని ఊరంతా టముకు వేయించినందుకు ధన్యవాదాలు. ఒక విలేకరి మీ రిజిస్టరు అడిగి చూశాడు. నిన్న పేపర్లో "ఊరికే అడుగుతున్నాను" అని శీర్షిక. వాడు నా పాత స్నేహితుడే. నా కింద పనిచేసినన్నాళ్ళూ ఒక్క శీర్షిక కూడా వాడికి ఇంత బాగా కుదరలేదు.

ఉద్యోగం ఊడిందనుకున్నాను. పెద్దసారు పిలిచి, టీ ఇప్పించి, పేపరు మడిచి పక్కన పెట్టి, "అయితే ఆ ఫొటోలో ఉన్నది మీ మేనమామా?" అన్నాడు. ఎంత ఆప్యాయంగా అన్నాడంటే నాకు భయం వేసింది.

ఇప్పుడు కంపెనీ తరఫున రాయమన్నవి రాస్తున్నాను. ఎనభై వంతుల బొమ్మ ముద్రించడానికి మా యంత్రాలకి పద్నాలుగు నెలలు పడుతుంది. మొన్న కప్పు గెలిచిన ఆటగాడి ముఖాన్ని తొమ్మిది రోజుల్లో ముద్రించారు కదా అనకు. అతను నవ్వుతున్నాడు, నవ్వు త్వరగా ఆరుతుంది. నలభై వంతులైతే మాకు సమ్మతమే. ఒక సాంకేతిక సంఘం వేస్తే మరీ సమ్మతం. అందులో ఎవరుండాలో మేమే రాసి పంపుతాం, మీకెందుకు శ్రమ. చిల్లర కొట్ల వాళ్ళ కష్టాల మీద అరవై పేజీల వినతిపత్రం విడిగా వస్తుంది. అందులో కన్నీళ్ళు చాలావరకు నావే, కొంచెం దయతలచి చదువు.

కిందిది కంపెనీ తరఫున కాదు, నా తరఫున. మామయ్య అలా ప్యాకెట్టు ఎక్కడం నాకు నచ్చలేదు. మన ఇంటి మనిషిని తీసుకెళ్ళి ప్రతి కొట్టులోనూ వేలాడదీస్తావా?

నీ తమ్ముడు


ఆరోగ్య శాఖ, మూడో అంతస్తు
నీ ఉత్తరం: రిజిస్టరు నం. 33

చిరంజీవి తమ్ముడికి,

అరవై పేజీలూ చదివాను. కన్నీళ్ళు బాగున్నాయి. పదిహేడో పేజీలో కొట్టు యజమాని "మోకాలి లోతు మంచులో" నడిచి వచ్చి తలుపు తీస్తాడని ఉంది. ఇక్కడ మంచు ఎప్పుడు కురిసిందిరా? ఆ పేజీ నీది కాదని తెలుసు. ఇదే వినతిపత్రాన్ని మీ కంపెనీ దేశదేశాల్లో ఇస్తూ వస్తోంది. ఆయా దేశాల్లో నాలాగా ఫైళ్ళు మోసేవాళ్ళు నాకు పంపారు, నా బల్ల మీద పదకొండు ఉన్నాయి. అన్నిట్లోనూ అదే పద్నాలుగు నెలలు, అదే నలభై వంతులు, అదే సాంకేతిక సంఘం. దేశం పేరు మార్చారు, వాతావరణం మార్చడం మర్చిపోయారు.

బొమ్మ వద్దని మీవాళ్ళు ఎక్కడా అనరు. ఇంకొంచెం ఆలోచిద్దాం అంటారు. ఆ ఆలోచనలో ఏళ్ళు గడుస్తాయి. ఇక్కడ రెండుసార్లు అలాగే గడిచాయి. ఈసారి ఈ నెల ముప్పైలోగా ఉత్తర్వు రాజపత్రంలో, అంటే గెజిట్‌లో, అచ్చవ్వాలి. కాకపోతే శాసనసభ సమావేశాలు ముగుస్తాయి, చిత్తుప్రతి చచ్చిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. మా న్యాయాధికారి ఫైల్లో రాసింది కూడా చెప్తాను, ఎలాగూ రేపు బోర్డు ఎక్కుతుంది. అన్ని అభ్యంతరాలకీ జవాబులున్నాయి, ఫొటో విషయంలోనే జాగ్రత్త అన్నాడు. ఫొటోలో ఉన్న మనిషి కాదంటే కొత్త ఫొటోకి మూడు నెలల గడువు ఇవ్వాలి. అప్పటికి ముప్పై ఎప్పుడో దాటిపోతుంది.

వేలాడదీస్తావా అన్నావు. నేను అడగలేదురా. ఆస్పత్రిలో ఆయన మంచం పక్కన కూర్చుని ఆ విదేశీ ఫొటోలు తిరగేస్తున్నాను. పలక లాక్కుని "వీళ్ళకన్నా నేనే బాగుంటాను" అని రాశాడు. నవ్వాను. తర్వాత వరండాలోకి వెళ్ళి ఏడ్చాను. ఇది కూడా రిజిస్టరులోకి ఎక్కుతుంది, ఎక్కనీ.

అక్క


కంపెనీ భవనం, పదకొండో అంతస్తు

అక్కా,

ఈసారి పెద్దగా రాయడానికేమీ లేదు. పని ఎక్కువగా ఉంది.

మామయ్యని చూసొచ్చాను. బాగానే ఉన్నాడు, కొంచెం చిక్కాడు. పలక అంచు విరిగితే కొత్తది కొనిచ్చాను. రెండు గంటలు కూర్చున్నాను, ఆ రెండు గంటల్లో ఆయన ఏడు మాటలు రాశాడు. ఒకప్పుడు రెండు గంటల్లో ఒక యుద్ధం మొదలుపెట్టి, ముగించి, తప్పెవరిదో కూడా తేల్చేసేవాడు.

మా దగ్గర సమాజ సేవ విభాగం ఒకటుంది. అందులోంచి ఆయనకి చిన్న సాయం ఏదైనా చెయ్యొచ్చేమో చూస్తున్నాం. అంతే, వేరే ఉద్దేశమేమీ లేదు.

మంచు సంగతి పెద్దసారుకి చెప్పాను. నవ్వలేదు.

నీ తమ్ముడు


ఆరోగ్య శాఖ, మూడో అంతస్తు
మీ ఉత్తరం: రిజిస్టరు నం. 37

సమాజ సంబంధాల అధికారి గారికి,

తమరు చేసిన చిన్న సాయం అందింది. ఈ సోమవారం పొద్దున మా న్యాయాధికారి బల్ల మీద ఒక కాగితం ఉంది. "నా ఫొటో దేనికి వాడతారో నాకెవరూ చెప్పలేదు. అర్థం కాకుండానే సంతకం చేశాను. నా ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటున్నాను." కింద మామయ్య సంతకం. ఆయనదే, చివర మీసం మెలేసినట్టు గీత లాగుతాడు కదా. పైనున్న మాటలు మాత్రం ఆయనవి కావు. "నాకు అర్థం కాలేదు" అని ఆయన జన్మలో అనలేదు. అర్థం కానివాటి గురించి ఇంకా గట్టిగా చెప్పేవాడు.

వెళ్ళి అడుగుదామనుకున్నాను. న్యాయాధికారి వద్దన్నాడు. నేను ఆ గడప తొక్కితే "శాఖ ఒత్తిడి చేసింది" అని మీరు కోర్టుకెక్కుతారట. కాబట్టి నా సొంత మేనమామని చూడటానికి నాకు వీల్లేదు, తమరికి ఉంది. కారు కూడా ఉంది.

మొన్న శుక్రవారం పదకొండున్నరకి మీ ఆఫీసు నంబరు నుంచి నాకు ఫోన్ వచ్చింది. విజయవార్త చెప్పడానికి కాబోలు. ఎత్తలేదు. రిజిస్టరులో ముప్పై ఎనిమిదో నంబరు: "కంపెనీ ఫోను. ఎత్తలేదు." చాలాసేపు మోగింది.

నీకు అక్షరాలు నేర్పింది ఆయన. ఆ పేపరు మీదే, వేలు పట్టుకుని. ఆ అక్షరాలతోనే ఆ కాగితం రాశావా? ఇది శాఖ అడిగే ప్రశ్న కాదు, జవాబు అక్కర్లేదు.

ఇట్లు,
ఆరోగ్య శాఖ అధికారిణి


కంపెనీ భవనం, పదకొండో అంతస్తు
తేదీ: ఈ నెల పదిహేడు, గురువారం. సమయం: ఉదయం పదింబావు.

అక్కా,

నీకు ఒళ్ళు మండుతోంది కాబట్టి మా విజయగాథ పూర్తిగా చెప్పి ఇంకా ఉడికిస్తాను. తీరిగ్గా చదువు.

ఆ కాగితం పదో తేదీ గురువారం మధ్యాహ్నం మూడు గంటలకి తయారైంది. నా బల్ల మీద, నా చేతులతో టైపు చేశాను. మాటలు మా న్యాయ విభాగం వాళ్ళవి. చిత్తు మీద పెద్దసారు పచ్చ సిరాతో రెండు చోట్ల దిద్ది, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. తర్వాత ఆ చిత్తు చించెయ్యమన్నాడు. నా బద్ధకం నీకు తెలుసు కదా, మర్చిపోయాను. దీనితో జతచేస్తున్నాను. మీ చెత్తబుట్ట మా బుట్టకన్నా పెద్దదని విన్నాను.

మర్నాడు శుక్రవారం, పదకొండో తేదీ, పదకొండు గంటలకి కంపెనీ కారులో మామయ్య ఇంటికి వెళ్ళాం. నేను, పెద్దసారు, న్యాయ విభాగం నుంచి ఒకాయన. పెద్దసారు ఒళ్ళో ఒక పెట్టె. అందులో మాట్లాడే మిషను. గొంతుకి ఆనించి పెదవులు కదిపితే మాట వస్తుంది. మా సమాజ సేవ అంటే ఇదే. గొంతు పోగొట్టేదీ మేమే, మాట ఇచ్చేదీ మేమే, మనిషి ఇంకో చోటికి వెళ్ళే పని ఉండదు.

కారు దిగేముందు పెద్దసారు మిషనులోంచి బ్యాటరీ తీసి నాకిచ్చి అన్న మాటలు ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "ఇది నీ జేబులో ఉండనీ. సంతకం అయ్యాకే వెయ్యి."

మామయ్య మిషను అందుకున్నాడు. గొంతుకి ఆనించుకున్నాడు, పెదవులు కదిపాడు. ఏమీ రాలేదు. నా వంక చూశాడు. పెద్దసారు కాగితం ముందుకి జరిపాడు. మామయ్య దాన్ని చదవలేదు. పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదివే మనిషి, చదవకుండా సంతకం పెట్టాడు. అప్పుడు టైము పదకొండూ ఇరవై. నేను జేబులోంచి బ్యాటరీ తీశాను.

ఆయన్ని ఏమీ అనకు. ఏడు నెలలు పలక మీద బతికాడు. అనాల్సింది నన్ను.

బ్యాటరీ వేశాక ఆయన మొదట ఏం మాట్లాడాడన్నది మీ రిజిస్టరుకి సంబంధం లేని విషయం. అది రాయను.

నీ తమ్ముడు
సమాజ సంబంధాల అధికారి, ఉద్యోగి సంఖ్య 2216


ఆరోగ్య శాఖ, మూడో అంతస్తు
నీ ఉత్తరం: రిజిస్టరు నం. 41

తమ్ముడూ,

నీ ఉత్తరం మొదటిసారి కోపంతో చదివాను. రెండోసారి చదవబోతే పైన తేదీ కనబడింది. తేదీ, వారం, సమయం. నువ్వు! నీ పెళ్ళి శుభలేఖలో తేదీ తప్పు వేయించినవాడివి! ఇది నన్ను ఉడికించే ఉత్తరం కాదు, రిజిస్టరు కోసం రాసిన వాంగ్మూలమని అప్పుడు తెలిసింది.

నా నియమం ప్రకారం నాకు ఇరవై నాలుగు గంటల గడువుంది. ఇరవై మూడు గంటలు నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. ఎక్కిస్తే నీ ఉద్యోగం పోతుంది, మామయ్య మిషను కోసం సంతకం పెట్టాడని వీధంతా చదువుతుంది. ఎక్కించకపోతే ఇంట్లో అందరూ క్షేమం, చిత్తుప్రతి ఒక్కటే మూడోసారి చస్తుంది. బంధువుల వాక్యాన్ని ఎందుకు కొట్టేశానా అని జీవితంలో మొదటిసారి అనుకున్నాను. తర్వాత ఎక్కించాను. అక్షరాలు నీ రాతలా వచ్చాయి.

ఆ పచ్చ సిరా చూసి మా న్యాయాధికారి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మంత్రిగారు వచ్చినప్పుడు కూడా సగమే లేస్తాడు ఆయన. ఆశ చూపించి తీసుకున్న కాగితం చెల్లదని రాసేశాడు. ఇద్దరు సాక్షులతో మామయ్య దగ్గరికి తనే వెళ్ళి, మొదటి నుంచి అంతా చదివి వినిపించి, ఇష్టమా కాదా అని అడిగాడు. మామయ్య పలక తుడిచి మళ్ళీ అదే రాశాడట: "మీసం?" హామీ ఇచ్చాక సంతకం పెట్టాడు. ఇరవై ఎనిమిదిన ఉత్తర్వు అచ్చుకి వెళ్తోంది.

సోమవారమే నీ బల్ల ఖాళీ చేయించారని విన్నాను. ఈ జవాబు కూడా రిజిస్టరులోకే వెళ్తుంది, పర్వాలేదు, ఇక నీకు ఊడటానికి ఉద్యోగం లేదు. నిన్ను ఆ రోజు అన్న మాటలకి నాకు బాధగా ఉంది. అది కూడా అందరూ చదవచ్చు.

ఒక్కటి అడుగుతాను. న్యాయాధికారి పలక అన్నాడు, మిషను అనలేదు. మిషను ఏమైంది? మామయ్య గొంతు ఎలా ఉంది? నేనింకా వినలేదు.

అక్క


మామయ్య ఇల్లు, ముందు గది

అక్కా,

తేదీ వెయ్యలేదు, గమనించు. పాత అలవాటు తిరిగొచ్చింది. జవాబు రాయడానికి ఇన్ని వారాలు పట్టిందంటే కారణం బద్ధకం కాదు, కింద చెప్తాను.

ముందు మంచి సంగతి. పద్నాలుగు నెలలు కావాలన్న యంత్రాలు, ఉత్తర్వు వచ్చిన ఆరు వారాలకే ముద్రించేశాయి. మామయ్య ఇవాళ వీధి చివరి కొట్టుకి వెళ్ళి పలక మీద "ఒక ప్యాకెట్" అని రాసి చూపించాడు. కొట్టతను ప్యాకెట్టు తీశాడు, ఇవ్వకుండా బొమ్మ వైపు వేలు చూపించి, "ఎందుకండీ ఈ వయసులో, ఈయన్ని చూడండి, ఏమైపోయాడో" అన్నాడు. మామయ్య ప్యాకెట్టు లాక్కుని తన ముఖం పక్కన పెట్టుకుని మీసం దువ్వాడు. కొట్టతనికి నోట మాట రాలేదు. ఆ కొట్టులో మాట రానివాళ్ళు ఇద్దరయ్యారు.

ఇంటికొచ్చి ఇరవై సిగరెట్లూ ఒక్కొక్కటే విరిచి బుట్టలో వేశాడు. ఖాళీ ప్యాకెట్టు గడియారం పక్కన పెట్టాడు. మీసం ఎడమ కొస కొంచెం తెగిందట. అభ్యంతర పత్రం రాసిపెట్టమని నన్ను పట్టుకున్నాడు, అనుభవం ఉందని.

మిషను కంపెనీవాళ్ళు పట్టుకెళ్ళిపోయారు, నన్ను పంపించిన మర్నాడే. రసీదు మీద "తిరిగి ఇవ్వవలెను" అని చిన్న అక్షరాల్లో ఉంది. పదకొండు రోజులు మాట్లాడాడు మామయ్య. పదకొండు రోజులూ పొద్దున్నే గుమ్మంలో నిలబడి వీధికి పేపరు చదివాడు. బ్యాటరీ ఏదని వాళ్ళు అడిగితే నాకేం తెలుసన్నట్టు చేతులు తిప్పాడు. అది ఆయన పిడికిట్లోనే ఉంది. ఇప్పుడు ప్యాకెట్టు పక్కన ఉంది.

ఆయన గొంతు ఎలా ఉందని అడిగావు. చెప్పకూడదనుకున్నాను, కానీ మామయ్య ఇవాళ పలక మీద "బుల్లెమ్మకి చెప్పు" అని రాశాడు. నిన్నలా పిలిచేది ఆయనొక్కడే కదా.

మీ రిజిస్టరులో ముప్పై ఎనిమిదో నంబరు తీసి చూడు. ఆ ఫోన్ చేసింది నేను కాదు. బ్యాటరీ వెయ్యగానే మామయ్య పెద్దసారు వంక కూడా చూడలేదు. ఫోను కోసం నా వైపు చెయ్యి చాపాడు. జేబులో కంపెనీ ఫోనే ఉంది, ఇచ్చేశాను. నువ్వు ఎత్తవన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. నీ నంబరు ఆయనకి కంఠస్థం. అటు మోగుతూనే ఉంది, నువ్వు హలో అనేదాకా ఆగలేకపోయాడు, మాట్లాడటం మొదలుపెట్టేశాడు. పాత రేడియోలో స్టేషను దొరకనప్పుడు వస్తుంది చూడు గరగర, అలా ఉంది.

"బుల్లెమ్మా, నేనమ్మా, మామయ్యని. విను, నా గొంతు విను. సంతకం పెట్టేశాను, తిట్టకు తల్లీ."

మోగి మోగి ఆగిపోయింది. "పనిలో ఉన్నట్టుంది" అన్నాడు. తర్వాత ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ చెయ్యలేదు. కాగితం నీకు చేరి ఉంటుందని సిగ్గుపడ్డాడు. ఆ మోగడం పక్కన కూర్చుని విన్నాకే అక్కా, నేను తేదీలు వెయ్యడం మొదలుపెట్టాను.

నీ తమ్ముడు


ఆరోగ్య శాఖ, మూడో అంతస్తు

తమ్ముడూ,

ఈ ఉత్తరానికి నంబరు లేదు. నువ్వు ఇప్పుడు ఏ కంపెనీ మనిషివీ కాదు, మళ్ళీ ఉత్త నా తమ్ముడివే.

ప్రభుత్వాసుపత్రిలో అలాంటి మిషను కోసం మామయ్య పేరు రాయించాను. వరసలో పందొమ్మిదోవాడు. ముందున్న పద్దెనిమిది మందిలో చాలామంది మీ పాత కంపెనీకి నమ్మకమైన కస్టమర్లే. బ్యాటరీ జాగ్రత్తగా దాచమను. ఆదివారం వస్తున్నాను, పలక కడిగి పెట్టమను, చాలా మాట్లాడుకోవాలి.

ముప్పై ఎనిమిదో నంబరు తీసి చూశాను. నా చేతిరాతే, ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు. రిజిస్టరులో కొట్టివేతలు ఉండకూడదని నియమం, అదీ నేను రాసిందే. అందుకని దేన్నీ కొట్టెయ్యలేదు. "కంపెనీ ఫోను" అన్న చోట పక్కన "మామయ్య" అని చేర్చాను. చివర్న "వ్యాఖ్యలు" అని ఒక గడి ఉంది, రెండేళ్ళుగా అందులో ఎవరూ ఏమీ రాయలేదు. అందులో "ఎత్తాల్సింది" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. ఎవరడిగినా చూపిస్తారు.

అక్క